ఎడమ వెనక చక్రం

మోక్ కామ్ వా అమ్మిన కారు ఏదో ఒకటి, ఎప్పుడో ఒకప్పుడు తన చేతికి రాకపోతుందా అని సియూ యోక్ పదకొండేళ్ళు ఎదురుచూసింది. ఇపో ఊళ్ళో పాత కార్లు అమ్మేవాళ్ళలో మోక్‌దే పెద్ద చెయ్యి. ఊరంతా షావుకారు అన్నట్టు తౌకే, తౌకే అని అతని చుట్టూ తిరుగుతుంది. అతని దగ్గర కారు కొన్న నాలుగో నెలలో ఆమె తమ్ముడు వై కిట్ సింపాంగ్ పులాయ్ కొండదారి దిగుతూ, వానలో జారి లోయలో పడ్డాడు. బ్రేకులు బాగానే ఉన్నాయి, కుర్రాడే దూకుడుగా నడిపాడు అని పోలీసులు కాగితాల మీద రాసేశారు. మోక్ చావుకు వచ్చి, వాళ్ళమ్మ చేతులు పట్టుకుని, "స్పీడు తగ్గించరా నాయనా అని ఎన్నిసార్లు చెప్పానో" అంటూ కళ్ళు కూడా ఒత్తుకున్నాడు. అమ్మ నమ్మింది. కొడుకు తన చావు తానే కొనితెచ్చుకున్నాడన్న కోపంతో ఆ తల్లి అప్పట్నుంచి వాడి పేరెత్తలేదు. సియూ యోక్‌కు బతుకులో ఒక్కటే కావాలి. మోక్ నోటితోనే నిజం రావాలి, అది అమ్మ చెవిన పడాలి.

అప్పట్లో ఆమె బిస్కట్ల ఫ్యాక్టరీలో గుమస్తా. తమ్ముడి కారు తుక్కులోకి పోయింది కాబట్టి చేతిలో సాక్ష్యం లేదు. మిగిలింది ఒక్క జ్ఞాపకం. ఒకరోజు తమ్ముడు కాఫీ కట్టించుకు రావడానికి దిగినప్పుడు, ఇంజను ఆపి తాళంచెవి మాత్రం తిప్పి ఉంచి, ఆమె రేడియో వింటూ కూర్చుంది. పాట అయ్యేదాకా మీటరు బోర్డులో, బ్రేకుల లోపం చెప్పే ఏబీఎస్ దీపం వెలుగుతూనే ఉంది. వాడు వచ్చి ఇంజను స్టార్టు చెయ్యగానే ఆరింది. అందులో తప్పేముందో ఆరోజు ఆమెకు తెలియదు. తెలుసుకోవడానికే ఉద్యోగం మానేసి ఒక కార్ల రిపేరు షెడ్డులో చేరింది. ఆరేళ్ళు గ్రీజులో మునిగి తేలాక ఊరి శివార్లలో మెంగ్లెంబులో సొంత షెడ్డు పెట్టుకుంది. మగ మెకానిక్కులు నవ్వారు. నవ్వితే నవ్వారు, వాళ్ళకు అంతుచిక్కని పాత బళ్ళన్నీ ఇప్పుడు ఆమె గుమ్మంలోకే వస్తున్నాయి.

బుధవారం పొద్దున పళ్ళ డాక్టరు రుస్లాన్ తన కారు తెచ్చాడు. పాతికేళ్ళ నాటి జపాను స్పోర్ట్స్ కారు, రెండే తలుపులు, నేలను రాసుకుంటున్నంత ఎత్తు.

"తిన్నటి రోడ్డు మీద పోతుంటే ఉన్నట్టుండి ఇంజను నీరసపడిపోతుందమ్మా. ఎంత తొక్కినా ఊపందుకోదు. మళ్ళీ దానంతటదే లేస్తుంది. మొన్న వానలో బ్రేకు వేస్తే బండి నా మాట వినకుండా జారిపోయింది."

"దీపం ఏమైనా వెలిగిందా డాక్టరు గారూ?"

"లేదే! దీపం వెలగలేదంటే బండి బాగున్నట్టే కదా, నాకే నడపడం రాదేమో అనుకున్నా."

"ఎవరి దగ్గర కొన్నారు?"

"మోక్ తౌకే దగ్గర. మూడు నెలలైంది."

సియూ యోక్ చేతిలో స్పానరు కింద పెట్టి, లోపల కూర్చుని తాళంచెవి తిప్పింది. ఇంజను స్టార్టు చెయ్యలేదు. మంచి బండిలో అయితే ఏబీఎస్ దీపం, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ దీపం మూడు సెకన్లు వెలిగి వాటంతటవే ఆరిపోవాలి. ఇవి ఆరలేదు. బ్యాటరీ దీపంతో పాటు నిక్షేపంగా వెలుగుతున్నాయి. ఆమె స్టార్టు చేసింది. మూడూ ఒక్కసారే ఆరిపోయాయి. తమ్ముడి కారులోనూ ఇంతే.

మీటరు బోర్డు ఊడదీసి చూస్తే అనుకున్నంతా అయింది. ఆ రెండు దీపాల తీగలు కత్తిరించి, బ్యాటరీ దీపం తీగకు కలిపేశారు. ఇంజను మొదలవగానే బ్యాటరీ దీపం ఆరుతుంది, దాని తోకపట్టుకుని ఇవీ ఆరతాయి. కొనడానికి వచ్చినవాడు చూసి, అబ్బ, అన్నీ పనిచేస్తున్నాయి అనుకుని ఇంటికి తోలుకుపోతాడు. లోపల కంప్యూటరు లోపం పట్టుకుని ఎంత మొత్తుకున్నా బయటికి వినపడదు. అదే తీగతో మోక్ గొంతు బిగించాలన్నంత కసి పుట్టింది ఆమెకు.

తీగలు విడదీసి దీపాలకు మళ్ళీ ప్రాణం పోసింది. ఈ కాలపు స్కానర్లు ఇంత పాత బండితో మాట్లాడవు. పరీక్ష సాకెట్టులో రెండు రంధ్రాలను తీగముక్కతో కలిపి, ఏబీఎస్ దీపం మిణుకులు లెక్కపెట్టాలి. మూడు, కాస్త ఆగి నాలుగు. మళ్ళీ మూడు, నాలుగు. ముప్పైనాలుగో నంబరు లోపం, అంటే ఎడమ వెనక చక్రం. బండి పైకెత్తి చూస్తే, అక్కడ చక్రం వేగం కొలిచే సెన్సరు ముందు తిరిగే పళ్ళున్న ఇనప కడియం తుప్పుకు ఉబ్బి పగిలింది. ఆ పగులు ఎదురైనప్పుడల్లా చక్రం జారుతోందని కంప్యూటరు భ్రమపడి ఇంజను గొంతు నొక్కుతోంది. చివరికి విసుగెత్తి ఏబీఎస్‌ను కూడా ఆపేస్తోంది. అప్పుడు వానలో గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోయి, స్టీరింగు ఎటు తిప్పినా బండి తన దారిన తాను పోతుంది. వై కిట్ బండి కూడా ఇలాగే పోయి ఉంటుంది.

సాక్ష్యం చెడకూడదని ఆమె తీగలను ముందున్నట్టే మళ్ళీ కలిపేసింది. దీపాలు కట్టేశారని మాత్రం డాక్టరుకు చెప్పి, బండిని షెడ్డులోనే ఉంచేసుకుంది. ఏ చక్రమో చెప్పలేదు. ఆ ఒక్క మాట ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది.

శనివారం మధ్యాహ్నం డాక్టరు కబురు పెడితే మోక్ షెడ్డు ముందు నవ్వుతూ దిగాడు. అప్పుడే వాన అందుకుంది. షెడ్డు గుమ్మంలో అమ్మ కూరకని చాటలో మొలకలు పోసుకుని వాటి తోకలు తుంచుతోంది.

"ఎవడో ముందు ఓనరు చేసిన వెధవ పని డాక్టరు గారూ, నాకేం తెలుసు?" అన్నాడు మోక్. "అయినా మీ మనసు విరిగింది కదా. బండి నేనే వెనక్కి తీసుకుంటా, మీ డబ్బు మీకిచ్చేస్తా. సరేనా?"

డాక్టరు మొహం వికసించింది. సియూ యోక్‌కు అర్థమైంది. ఇలాగే తప్పించుకుంటాడు వీడు. వచ్చే వారానికి ఈ బండి ఇంకో అమాయకుడి ఇంటి ముందు ఉంటుంది.

"అయితే బండిలో వేరే లోపమేం లేదంటారు?" అంది.

"నిప్పులాంటి బండి తల్లీ! ఆ దీపాల గోల తప్ప వంక పెట్టడానికి లేదు."

"అయితే ఒక రౌండు వేసొద్దాం రండి. సింపాంగ్ పులాయ్ క్వారీ వాలు దిగి, మలుపులో గట్టిగా బ్రేకు వెయ్యండి. నేనూ పక్కనే కూర్చుంటా."

"ఈ వానలోనా?"

"ఎండకైతే ఒక బండీ వానకైతే ఒక బండీ అమ్ముతారా తౌకే? ఇపోలో వాన పడని మధ్యాహ్నం ఏదీ?"

"మోకాలు నొప్పమ్మా నాకు."

"ఇప్పుడు మీరు వచ్చింది మీ కారు నడుపుకునే కదా?"

"ఆడమనిషి తను కూర్చుంటానంటోంది," అన్నాడు డాక్టరు. "మీకెందుకండీ అంత భయం?"

సియూ యోక్ డాక్టరు కారు తలుపు తెరిచి, మోక్ భుజం మీద చెయ్యేసి సీట్లోకి నొక్కింది. గ్రీజు వేళ్ళు తెల్ల చొక్కా మీద అచ్చుపడ్డాయి. తాళంచెవి అతని గుప్పిట్లో పెట్టి తాను అటువైపు ఎక్కింది. "పోనివ్వండి. మా తమ్ముడు దిగిన దారే."

మోక్ తాళంచెవి పారేసి దిగబోతే ఆమె చొక్కా పట్టుకుంది. "వదులు నన్ను! పిచ్చెక్కిందా నీకు? ఆ ఎడమ వెనక చక్రం చచ్చి కూర్చుంది! ఈ వానలో బ్రేకు వేస్తే ఇద్దరం లోయలో తేలతాం!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

"ఎడమ వెనకదని నీకెవరు చెప్పారు?" సియూ యోక్ గొంతు మెత్తగా ఉంది. అంతవరకు ఉన్న 'మీరు' పోయింది. "నేను డాక్టరు గారికి కూడా చెప్పలేదే."

"నా కూతుర్ని రోజూ స్కూల్లో దింపేది ఇందులోనే," అన్నాడు డాక్టరు.

గుమ్మంలో అమ్మ లేచింది. ఒళ్ళోని చాట జారి మొలకలన్నీ నేలపాలయ్యాయి. కారు దగ్గరికి వచ్చి కిటికీలోంచి వంగింది.

"కామ్ వా, మా వై కిట్ బండికి ఏ చక్రం?"

"అక్కా, అది ఎప్పటి మాటో..."

"ఏ చక్రమని అడిగా."

"ముందు కుడిది," అన్నాడు మోక్. "వాడే ఎప్పుడో చూసుకుని మార్చుకుంటాడులే అనుకున్నా అక్కా."

అమ్మ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. కొడుకు పేరు పలుకుతూ తడి సిమెంటు మీద కూలబడింది. పలికిన పేరే మళ్ళీ మళ్ళీ పలికింది.

ఈ రోజు వస్తే కడుపు చల్లబడుతుందని సియూ యోక్ ఎన్నో ఏళ్ళు అనుకుంది. చల్లబడలేదు సరికదా, మంట రెండింతలైంది.

"పోలీసుల దగ్గరికి పోదాం పదమ్మా," అన్నాడు డాక్టరు.

"పోదాం. ముందు ఇంకో పని ఉంది, బయట వాన పడుతోంది." ఆమె మోక్ జేబులోంచి ఫోను లాగి అతని చేతిలో పెట్టింది. "నువ్వు దీపాలు కట్టేసిన బళ్ళు ఎన్ని తిరుగుతున్నాయి?"

అతను వేళ్ళు ముడిచాడు. ఒక చెయ్యి సరిపోలేదు, రెండోదీ సరిపోలేదు.

"ఒక్కొక్కరికీ చెయ్యి. స్పీకరులో పెట్టు. నీ నోటితో చెప్పు."

"నేను మోక్‌ని," అన్నాడు మొదటి ఫోనులో. "నీకమ్మిన బండిలో దీపాలు నేనే కట్టేశా. బ్రేకులు నమ్మకు, పక్కకి ఆపు." అవతలి మనిషి తిట్టిన తిట్లకు షెడ్డు రేకులు మోగాయి. రెండో వాడు ఏడ్చాడు. మూడో ఆమె, మా ఆయన ఇప్పుడు ఆ బండిలోనే కొండ మీదున్నాడు, ఉండు, అని కేక పెట్టి ఫోను పెట్టేసింది. అయిదు నిమిషాల తర్వాత, ఆపాడు, దిగిపోయాడు అని ఆమె మళ్ళీ చేసి చెప్పి, ఆ తర్వాత తిట్టింది.

ఏడో ఫోనుకు మోక్ గొంతు బొంగురుపోయింది. "ఇంక చాలు తల్లీ," అని చేతులు జోడించాడు. సియూ యోక్ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, అతను తాగేదాకా పక్కనే నిలబడి, ఎనిమిదోది కలపమంది.