టేపు చుట్టిన కొస

లంగాకు నాడా ఎక్కించడమే కదా ఇది, పిన్నీసు బదులు శనక్కాయల మూటలు కుట్టే దబ్బనం, గుడ్డ బదులు పడవ తాడు మీది అల్లిక, కుచ్చులు కుచ్చులుగా వెనక్కి నెట్టుకుంటూ పోయి, లోపలున్న మొన వేళ్ళకు తగలగానే గట్టిగా పట్టుకుని, కుచ్చులన్నీ మళ్ళీ సాగదియ్యాలి, ముప్పై ఏళ్ళలో నావీ నా కూతురివీ ఎన్ని లంగాలకు ఎక్కించి ఉంటాను, ఈయనేమో నేవీవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని విద్య అయినట్టు చెరువు ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చెప్పిందే చెప్తున్నాడు, మెల్లిగా మే, అల్లిక చీలిపోతాది, మెల్లిగా, నాకు తెలుసులేబ్బా, నువ్వు తాడు ముట్టకముందే నేను తాళ్ళ మధ్యన పుట్టినా అన్నాను, అవునవును, మీ నాయన నిన్ను కిత్తనారతోనే పేనినాడు, అందుకే నీకింత పురి అన్నాడు, ఈ మనిషికి చెయ్యి పడిపోయింది గానీ నోరు పడిపోలేదు, దేవునికి స్తోత్రం, అనుకుంటూనే కొత్త తాడు కొసను తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోశాను, ఒద్దొద్దు, పురి పెట్టొద్దు అని కుర్చీలోంచి అరిచాడు, ఇది పేనిన తాడు కాదు మే, అల్లిన తాడు, పురి పెడితే మెలికలు పడి గిలకలో తట్టుకుంటాది, నిజమే, కానీ ఈ చేతికి ఎవరు చెప్పాలి, యాభై రెండేళ్ళొచ్చినా తాడు కనపడితే తొడ మీదికి పోతుంది, మా నాయన యేసన్న బత్తలపల్లె సంతకు పగ్గాలు, బావితాళ్ళు పేని తీసుకుపోయేవాడు, పేనీ పేనీ ఆయన కుడి తొడ మీద వెంట్రుకలన్నీ రాలిపోయి చర్మం రాగిచెంబులా మెరిసేది, చిన్నప్పుడు నేను దాని మీద వేలు పెట్టి జారుడుబండ ఆడేదాన్ని.

పన్నెండు మీటర్ల తాడు ఇది, తెలుపు మీద నీలం చుక్కలు, సగం దాకా లోపలి పోగు లాగేసి పై అల్లిక ఒక్కటే ఉంచాలి, లేకపోతే తెరచాప అడుగునున్న చిన్న చక్రంలో చుట్టలన్నీ పట్టవు, పోగు ఆగిన చోట దాన్ని ఎలుక తోకలా సన్నంగా కోసి, అల్లికలోకి దాచి, మైనం పూసిన దారంతో అడ్డంగా కుట్టాలి, కుట్టాను, చూడు అని చూపించాను, కళ్ళజోడు పైకెత్తి చూసి పర్వాలేదే అన్నాడు, ఈయన నోట పర్వాలేదంటే బాగుందని, పెళ్ళయిన కొత్తలో నా ఉగ్గాని తిని కూడా పర్వాలేదన్నాడు, నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఈ తాడు లాగితే ముందు తెరచాప చాప చుట్టినట్టు చుట్టుకుపోతుంది, వదిలితే గాలికి తెరుచుకుంటుంది, గాలి ఎక్కువైతే వెనక సీటులోంచి లేవకుండా ఒక్క చేత్తో లాగి మూసెయ్యొచ్చు, ఒక్క చేత్తో, ఆ మాట పట్టుకునే కదా నేను మొండికేసింది, రెబెకా అనంతపురం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, మా, ఆ పడవ అమ్మేయండి, నాయనకు బాగలేదు, ఇంకా ఏం పడవ అంటుంటే, మీ నాయన నీళ్ళ మీదికి పోతేనే మనిషవుతాడు, ఇంట్లో కూర్చుంటే కుర్చీ అయిపోతాడు అని నేనే పోట్లాడాను, చెరువేమో రోజుకింత వెనక్కి పోతోంది, ఇంకో నెల దాటితే పడవ అడుగు బురదకు తగులుతుంది, మళ్ళీ ఎన్నేళ్ళకు నిండుతుందో ఎవరికెరుక, ఈ నెలలో పోకపోతే ఈయన ఇక పోడు, అందుకే ఈ రోజు, పది గంటలకు తాడు ఎక్కించడం, పదకొండుకు నీళ్ళలోకి, నేను గట్టు మీద నిలబడి ప్రార్థన చేసుకోవడం, అదీ లెక్క.

ఆరేళ్ళ కిందట విశాఖలో పాత పడవలు వేలం వేస్తే దీన్ని కొని లారీలో తెచ్చాడు, ఆ ఏడు మా ఊళ్ళో తాగే నీళ్ళకు ట్యాంకరు, ఏమన్నా ఇమ్మానుయేలూ, పడవతో పాటు రెండు బిందెల సముద్రం కూడా ఎక్కించుకోని రావాల్సింది అని ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఐదేళ్ళకు పైగా వాకిట్లో టార్పాలిన్ కింద ఉంది, నేను దాంట్లో శనక్కాయల మూటలు పెట్టుకున్నాను, కోడి గుడ్లు పెట్టింది, ఎండుమిరపకాయలు ఆరబోసిన రోజు మాత్రం నేవీ పద్ధతిలో అరిచాడు, అయినా ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి తెల్ల చొక్కా విప్పకుండానే దాన్ని తుడిచేవాడు, ఎందుకు తుడుస్తావు, నీళ్ళే లేవు కదా అంటే, వచ్చినప్పుడు తుడుద్దామంటే ఆలస్యమైపోతాది అనేవాడు, పోయిన నవంబరులో పన్నెండు రోజులు ముసురు పట్టి చెరువు నిండి మరవ మీంచి నీళ్ళు పొర్లాయి, అప్పటికి మూడు నెలల ముందే ఈయన ఎడమ చెయ్యి పడిపోయింది, నీళ్ళొచ్చేనాటికి చెయ్యి లేదు, మంచం మీద పడుకుని మరవ చప్పుడు వింటూ, వింటాండావా మే అన్నాడు, అప్పుడు నేను అటు తిరిగి ఏడ్చాను, చెయ్యి మెల్లిగా వస్తోంది, బంతి పిసుకుతాడు, గుండీ పెట్టుకుంటాడు, డాక్టరు కూడా పొమ్మన్నాడు, తొమ్మిది రోజుల కిందట పోవాలని అంతా సిద్ధం, నేను చిత్రాన్నం కట్టుకుని వచ్చేసరికి ఈయన ఒడ్డున నిలబడి ఉన్నాడు, తాడు తెగిపాయ మే, ఎండకు చీకిపోయిండాది, కొసలు విడిపోకుండా టేపు చుట్టినా అన్నాడు, ఆ మొహం చూడలేకపోయాను, చిత్రాన్నం అక్కడే గట్టు మీద తినేసి వచ్చాము, ఆ రాత్రి అన్నం ముందు నేనే రెబెకాకు ఫోన్ చేసి కొత్త తాడు తెప్పించమన్నాను, నీకు పిచ్చి పట్టిందా మా అంది, పట్టింది, తెప్పించు అన్నాను.

గొర్రెలు నీళ్ళకు దిగుతున్నాయి, వెనకే తిప్పయ్య, ఏమక్కా ఎలిజబెత్తూ, కప్పలకు ఊయల కడతాండావా అన్నాడు, నీకే కడతాండా, కాళ్ళు చాపుకో అన్నాను, అన్నా, ఈ పొద్దన్నా నీళ్ళ మీదికి పోతావా, లేకుంటే గొర్రెలను ఎక్కించుకోని ఆ గడ్డకు దాటిస్తావా అని ఈయన్ను అడిగాడు, పోదాంలే, పోదాంలే, గాలి చూడాల అన్నాడు ఈయన, గాలెక్కడుంది, తుమ్మాకు కదలడం లేదు. ఇంక ఒక్కటే పని, పాత తాడు కొసకు కొత్త తాడు కొస ఎదురెదురుగా పెట్టి కుట్టి, ముందు నుంచి లాగితే పాతది పోతూ పోతూ కొత్తదాన్ని గిలకలన్నిటిలోంచి తీసుకుపోతుంది, ముడి వేస్తే గిలకలో దూరదు, మా నాయన బావితాడు తెగితే ఎన్నడూ ముడి వెయ్యలేదు, టేపుతో కూడా దూరదు, లావుగా ఉంది, గోటితో టేపు అంచు వెతుకుతున్నాను, టేపు ఇప్పొద్దు మే, దాని మీదనే కుట్టు అన్నాడు, దూరదు కదయ్యా, దూరుతాది, కుట్టు, నీకేం తెలుసు, తాళ్ళదాన్ని నేను అని లాగేశాను, ఈయన కుర్చీలో అటు తిరిగాడు, గొర్రెలను చూస్తున్నాడు, గొర్రెల్లో చూడ్డానికి ఏముంది అనుకున్నాను, తర్వాత కొస చూశాను.

చీకి తెగిన తాడు ఎలా ఉంటుందో నాకొకరు చెప్పాలా, ఒక్కో పోగు ఒక్కో పొడవు, నలిపితే పొడి రాలుతుంది, ఇది అలా లేదు, అన్ని పోగులూ ఒక్క సమానం, లోపలి పోగు పాల తెలుపు, కొడవలితో కోసిన జొన్న మోడులా ఏటవాలుగా, ఈయన జామకాయలు కోసే కత్తి ఇలాగే ఏటవాలుగా కోస్తుంది, మళ్ళీ చూశాను, మళ్ళీ, తొమ్మిది రోజులు, నా కూతురితో తగాదా, దబ్బనం గుచ్చుకున్న ఈ రెండు వేళ్ళు, పొద్దుటి నుంచి మెల్లిగా మే, మెల్లిగా మే అని పాఠాలు, లేచి ఈ తాడు చుట్ట ఆయన ఒళ్ళో విసిరేద్దామా అనుకున్నాను, కాళ్ళ కింద టేపు ముక్క పడి ఉంది, దాని అంచున పళ్ళ గాట్లు, ఒక చెయ్యి పట్టకపోతే పళ్ళతో పట్టుకుని చుట్టాడు, ఎంత శుభ్రంగా చుట్టాడు, ఒక్క ముడత లేదు, ఒద్దనుకున్నవాడు తాడంతా పీకి చెరువులో పారెయ్యొచ్చు, తెరచాప కొయ్యొచ్చు, పడవ అమ్ముదామని ఒక్క మాట అంటే రెబెకా ఎగిరి గంతేసేది, అవేవీ చెయ్యకుండా కొసన మూరెడు కోసి, మిగిలింది విడిపోకుండా టేపు చుట్టాడు, పోవాలని ఉంది, పోలేకుండా ఉన్నాడు, మొన్న చర్చి విందులో స్టీలు గ్లాసు ఎడమ చేతిలోంచి జారింది, ఈయన వంగి తియ్యకుండా గ్లాసునే చూస్తూ నిలబడ్డాడు, స్నానాల గది మెట్టు దగ్గర ఆగి గోడ మీది క్యాలెండరు చదువుతుంటాడు, నేను వచ్చి భుజం పట్టుకునేదాకా చదువుతూనే ఉంటాడు, ఫిబ్రవరిలో అంత చదవడానికి ఏముంటుంది, నేను చూశాను, ఇవన్నీ చూశాను, ఒకదాని పక్కన ఒకటి పెట్టలేదు.

కొసలు రెండూ ఎదురెదురుగా పెట్టి కుట్టడం మొదలుపెట్టాను, చేతులకు పని ఉంటే నోరు తిన్నగా ఉంటుంది, ఏమయ్యా, నాకు భయమేస్తాంది, నిన్ను నీళ్ళలోకి పంపాలంటే అన్నాను, ఏం కాదులే మే అన్నాడు, గొర్రెల వైపు చూస్తూనే, ముప్పై ఏళ్ళ నుంచి ఇదే మాట, ఉరుముకు, బల్లికి, ఘాట్ రోడ్డు మీద బస్సుకు, తెల్లారుజామున మోగే ఫోనుకు, రెబెకా కాన్పుకు, నేను భయపడటం, ఈయన ఏం కాదులే అనడం, నేను ఊరుకోలేదు, నాదట్లుండనీ, మరి నీకు అన్నాను, తిప్పయ్య గొర్రెలు నీళ్ళు తాగి గట్టెక్కి పోయాయి, టేపు ముక్క నా కాలి దగ్గరే ఉంది, ఈయన చూపు దాని మీదికి వచ్చింది, నా మీదికి వచ్చింది, పట్టుకున్నట్టే ఉంటాది మే అన్నాడు, ఏంది అన్నాను, చెయ్యి, తాడు గట్టిగా పట్టుకున్నట్టే ఉంటాది, కిందికి చూస్తే చేతిలో తాడు ఉండదు, నడి చెరువులో అట్లయితే, అని ఆగి, భయంగానే ఉండాది అన్నాడు, ఇరవై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి, తుఫానులో మిద్దెలంత అలలని పిల్లలకు నవ్వుతూ చెప్పిన మనిషి, ఆ మాట అనడానికి ఆయన నోరు ఎంత తడబడిందో, కొత్త భాష పలికినట్టు, సరేలే, ఈ పొద్దు గట్టు వెంబడే, నడుము లోతులో, నేను పక్కన నీళ్ళలో నడుస్తా అన్నాను, చీర తడుస్తాది కదే అన్నాడు, తడవనీ అన్నాను, కుట్టు పూర్తయింది, దారం పళ్ళతో కొరికాను, ముందుకు పోయి లాగుతుంటే పాత తాడు వెనక కొత్త తాడు ఒక్కో గిలకలోంచీ తట్టుకోకుండా వస్తోంది, ఈయన కుర్చీ ముందుకు జరుపుకుని వెనక నుంచి రెండు చేతులతో తాడు అందిస్తున్నాడు, ఎడమ చెయ్యి వణుకుతోంది, దాన్ని ఎప్పటిలా తువ్వాలు కింద దాచుకోలేదు, నేను చూస్తున్నానని తెలిసీ దాచుకోలేదు, ఇన్నాళ్ళూ మా ఇద్దరిలో ధైర్యమున్నవాడు ఆయనేనని అనుకుంటూ వచ్చాను గానీ, ఇంట్లో ఉన్న భయమంతా నేనొక్కదాన్నే వాడేసుకున్నాను, ఆయనకని పిసరంత కూడా మిగల్చలేదు.