అత్తగారి ఆయుష్షు

అత్తగారికి స్నానం చేయించి, పక్కబట్టలు మార్చి, వీపుకు పౌడరు రాసేసరికి కోడలికి నడుము పట్టేసింది. అత్తగారికి ఎనభై ఏడు. తుంటి కీలు మార్చారు, గుండెలో స్టెంటు వేశారు. “మా అత్త యాభై నిండకుండానే జ్వరంతో పోయింది. ఇప్పుడైతే రెండు మాత్రలతో లేచి కూర్చునేది,” అంటుంది ముసలావిడ. ఆవిడ తన అత్తకు ఒక్కనాడూ ఇలా స్నానం చేయించాల్సి రాలేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ అనరు.

నాలుగేళ్ళుగా నెలనెలా ఆఫీసుకు సెలవు పెట్టి, ఆసుపత్రిలో చక్రాల కుర్చీ తోసేది కోడలే. భర్త రిపోర్టులు పట్టుకుని ముందు నడుస్తాడు. “తల్లిని ఇంతలా చూసుకునే కొడుకులు ఎక్కడో గానీ ఉండరండీ,” అంటాడు గుండె డాక్టరు. భర్త మురిసిపోతూ తల వంచుకుంటాడు.

ఆమె రొమ్ములో గడ్డ చేతికి తగిలి ఏడాదైంది. భర్తకు చెబితే, “అమ్మ కంటి ఆపరేషన్ కానీ, చూద్దాం. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు,” అన్నాడు. అప్పుడు తనూ నవ్వింది. కన్ను అయ్యాక పళ్ళు, పళ్ళయ్యాక మోకాలు. చివరికి మొన్న అత్తగారిని రక్తపరీక్షల దగ్గర కూర్చోబెట్టి, పక్క వరుసలో నిలబడి తన పేరున చీటీ రాయించుకుంది.

ఇవాళ డాక్టరమ్మ ఆమె పరీక్షల కాగితాలు రెండుసార్లు తిరగేసింది.

“చంక దాకా పాకిందమ్మా. ఏడాది ముందొస్తే చిన్న ఆపరేషన్‌తో పోయేది. ఈ రోజుల్లో దీనికి మంచి మందులున్నాయి. ఒక్కసారి ఆసుపత్రికి రాలేకపోయారా?”

“నెలనెలా వస్తూనే ఉన్నానండీ,” అంది.

జబ్బు సంగతీ, గురువారం ఆసుపత్రిలో చేరాలన్న సంగతీ ఇంటికొచ్చి చెబితే భర్త కుర్చీలో కూలబడ్డాడు. “గురువారమే చేరాలా? ఆ రోజు అమ్మకు చెకప్ ఉందే,” అన్నాడు.

“మీరు తీసుకెళ్ళండి.”

అంతకుమించి ఆమె ఏమీ చెప్పలేదు. అత్తగారికి ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో కూడా చెప్పలేదు.

గురువారం పొద్దున రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, అత్తగారి మంచం దగ్గర ఆగింది.

“వెళ్తానత్తయ్యా.”

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. “అలా అనకూడదే. వెళ్ళొస్తాననాలి.”

ఆ గొంతులో అంత బతిమాలడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ ముసలి వేళ్ళను ఒక్కొక్కటిగా, నొప్పి పుట్టకుండా విడిపించుకుంది. ఆ మాట మాత్రం అనలేకపోయింది.