కంగ్టి బావి మీది ఇంజన్

జీపు కొనుక్కొస్తానని బీదర్ పోయిన బసన్న, రెండే సీట్లున్న ఎర్ర కారు తోలుకొచ్చిన సంగతి నారాయణఖేడ్‌లో పెద్దవాళ్లందరికీ తెలుసు. కందుల బేరంలో పిడికెడు తాలు కూడా ఒప్పుకోని వ్యాపారి ఆయన. అలాంటి మనిషి, ఒక్క బస్తా పట్టని బండిని, టాపు తీస్తే నెత్తిన ఎండ తప్ప ఇంకేమీ మిగలని బండిని ఎందుకు కొన్నాడంటే, చూడగానే మనసు పడ్డాడు, అంతే. ఊరొదిలి వెళ్లిపోతున్న డాక్టరెవరో అమ్మకానికి పెట్టిన ఇటలీ కారు అది. ఆల్ఫా రోమియో, పంతొమ్మిది వందల అరవై నాలుగులో తయారైంది. సావుకారుకు పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అని బజారంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. రోజూ పొద్దున కారు తుడిచాకే చాయ్ తాగేవాడు.

బసన్న పోయి రెండేళ్లయింది. కారు కూతురు దాక్షాయణి పాలబడింది. ఆమెకు కారు మీద ప్రేమ లేక కాదు గానీ, అంతకంటే పెద్ద కోరిక ఇంకొకటుంది. ఇక్కడ పండిన కందులు ఎక్కడికో పోయి, పప్పయి, మళ్లీ ఇక్కడికే వచ్చి రెట్టింపు ధరకు అమ్ముడుపోతుంటే ఆమెకు ఒళ్లు మండేది. ఊళ్లోనే దాల్ మిల్లు పెట్టాలి. మిషన్లకూ షెడ్డుకూ కలిపి ఇరవై లక్షలు కావాలి. కంగ్టి దగ్గరున్న నాలుగెకరాలు అమ్ముకుంటే ఇక మిల్లులో ఏం ఆడిస్తాం అని, ఆ భూమి జోలికి పోలేదు. మిగిలింది కారే.

పాత కార్ల విలువ కట్టే సుప్రీత అనే అమ్మాయి హైదరాబాద్ నుంచి ఆదివారం వస్తుందని తెలిసి, దాక్షాయణి ముందుగా కబురు పెట్టింది ఫకీర్ మియాకు. బస్ డిపో పక్క షెడ్డులో నలభై ఐదేళ్లుగా బండ్లు బాగుచేస్తున్న మెకానిక్ ఆయన. కారు కొన్న నాటినుంచీ దాని మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. పిలిస్తే వచ్చాడు గానీ, పొద్దుటి నుంచీ ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది ఆయనకు.

సుప్రీతకు ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో గుడ్డ చుట్టిన అయస్కాంతం. తలుపుల మీద, మడ్‌గార్డుల మీద దాన్ని ఆనించుకుంటూ పోయింది. సొట్టలు పూడ్చే లప్పం పెట్టిన చోట అయస్కాంతం పట్టదు, అసలు రేకైతే టక్కున పట్టుకుంటుంది. అంతటా పట్టుకుంది. పిల్ల పని తెలిసిందే అని ఫకీర్ మియా లోపల్లోపల మెచ్చుకున్నాడు.

"చాచా, రంగు గూడ కంపెనీదే," అంది సుప్రీత సంతోషంగా. "వెలిసిపోయింది, గంతే. పాత బండికి వెలిసిన రంగే అందం. కొత్తగ పెయింట్ కొట్టిస్తే ధర పడిపోతది."

కిందటి వారమే దాక్షాయణితో కొత్త రంగు వేద్దామన్న పెద్దమనిషి, గడ్డం గోక్కుంటూ పక్కకు చూశాడు.

సుప్రీత బానెట్ దగ్గరికొచ్చి ఆగింది. సరిగ్గా నడిమధ్యన రేకు పైకి ఉబ్బి ఉంది. "గీ బుగ్గ ఏంది?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా బానెట్ లేపింది. లోపల పాత డీజిల్ వ్యాను ఇంజన్ కూర్చుని ఉంది. టార్చి వేసి ఆ మూలా ఈ మూలా వెతికింది.

"దీని ఇంజన్ ఏది?"

ఫకీర్ మియా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అక్కా, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న," అంది సుప్రీత దాక్షాయణితో. "పుట్టినప్పటి ఇంజన్, అదే నంబర్‌తోని ఉంటే ముప్ఫై లక్షల దాక పోతది. గీ డీజిల్‌తోని ఏడు, ఎనిమిది. గివి కొనేటోళ్లు తిరగనీకె కొంటలేరు. చిన్నప్పుడు పుస్తకంల బొమ్మ చూసి మనసు పడ్డోళ్లు, చేతిల పైసలొచ్చినంక వెతుక్కుంట వస్తరు. వాళ్లకు బండి పుట్టినట్టే కావాలె. ఆ ఇంజన్ చప్పుడు వినాలె. దాన్ని తీసినోడెవడో గాని..." అంటూ బానెట్ దించింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఫకీర్ మియా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నిజానికి నోరు మూసుకుంటే సరిపోయేది. ఇంజన్ మార్చమన్న బసన్న లేడు. అప్పటికి దాక్షాయణికి ఏడేళ్లు, ఆమెకేం గుర్తుంటుంది? కానీ ఆమె ముఖం చూశాడు. మిల్లు ఆశ ఆ ముఖంలోంచి దిగిపోతుంటే, చూస్తూ అబద్ధమాడలేకపోయాడు.

"నేనే తీసిన బిడ్డా."

ఇక ఆగలేదు, అంతా చెప్పాడు. అది కరువొచ్చిన ఏడాది. కంగ్టి బావిలో నీళ్లు అడుగంటాయి. చేను దాకా కరెంటు తీగ రాలేదు. ఆయిలింజన్లు ఎంత తిరిగినా దొరకలేదు. కంది పూత మీదుండి మాడిపోతోంది. బసన్న కారు ముందు నిలబడి, దీని ఇంజన్ బావి మీద నడుస్తుందా అని అడిగాడు. నడుస్తుందన్నాడు తను. పెట్రోలుకు బదులు గాసులేటు, అంటే కిరోసిన్ తాగేందుకు వీలుగా ఒకదాని మీద ఒకటి రెండు గ్యాస్కెట్లు వేసి, బావి మీద కూర్చోబెట్టాడు. ఉత్త డొక్కుగా మిగిలిన కారును బసన్న చూడలేకపోతే, మరుసటి ఏడాది పాత వ్యాను డీజిల్ ఇంజన్ ఒకటి దొరికితే తనే తెచ్చి ఇరికించాడు. బానెట్ మూతపడలేదు. సుత్తితో బుగ్గ కొట్టి మూశాడు.

దాక్షాయణి తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

"ఇప్పుడది ఏడుంది చాచా?"

"కరెంటొచ్చినంక నేను ఆ దిక్కు పోలే. అల్యూమినియం బాడీ బిడ్డా. పాత సామానోళ్లు ఇడుస్తరా?"

"పోయి చూద్దాం," అంది సుప్రీత తన కారు తాళాలు తీసి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం అనుకుంటూనే ఫకీర్ మియా వెనక సీట్లో కూర్చున్నాడు. కంగ్టి దాకా దారికి అటూ ఇటూ కంది చేలు పచ్చగా పూశాయి. దాక్షాయణి వాటినే చూస్తూ కూర్చుంది.

ఆ నాలుగెకరాలు కౌలుకు చేస్తున్న శివమ్మ కలుపు తీస్తున్నదల్లా లేచి వచ్చింది. ఇంజన్ సంగతి అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"ఏడికి పోతది? కొట్టంల ఉంది."

"అమ్మలేదా?" అన్నాడు ఫకీర్ మియా.

"పాత సామానోడు ఏడాదికి రెండుసార్లు వచ్చి పానం తీస్తడు. మొన్న దసరాకు గూడ పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన. మొక్కిన చేతుల్తోని ఎట్ల అమ్ముత మియా? గీ చేన్ల పనిచేసింది గాదా అది."

కొట్టంలో గోనెసంచి కింద ఉందది. గొర్రూ నాగలీ పక్కన, ముప్ఫై ఏడు దసరాల పసుపూ కుంకుమా పేరుకుపోయి, ఇనుమో దేవుడో పోల్చుకోలేనట్టుంది. ఫకీర్ మియా మోకాళ్ల మీద కూర్చుని, డీజిల్‌లో ముంచిన గుడ్డతో ఒక పక్క రుద్దాడు. పసుపు పొరలు పొరలుగా ఊడొచ్చింది. దాని కింద అంకెలు కనబడ్డాయి. ఇంజన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసుకు పోయి కాగితాల్లో నంబరు మార్పించాలి. బసన్న పోలేదు. రేపు రేపంటూ చనిపోయేదాకా వాయిదా వేశాడు, కాగితాల్లో పాత నంబరే ఉండిపోయింది. ఆయన బద్ధకం ఆస్తికి పనికొచ్చింది అదొక్కసారే.

సుప్రీత టార్చి వేసి ఒక్కొక్క అంకే చదివింది. దాక్షాయణి ఆర్‌సీ పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. చివరి అంకె దగ్గర, కలిసిందన్నట్టు తల ఊపింది. ఫకీర్ మియా కొట్టం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"ఇంకొకటి కావాలె," అంది సుప్రీత. "నంబర్ కలిసింది, మంచిదే. కాని కొనేటోడు ఇప్పి చూస్తడు. రెండు గ్యాస్కెట్లు, గాసులేటు మసి. ఇది ఏడనో దొరికిన ఇంజన్, నంబర్ దొంగ నంబర్ అంటడు. తీసినోళ్లు తమ చేతితోని రాసియ్యాలె. ఎందుకు తీసిన్రు, ఏం చేసిన్రు, అంత రాసి సంతకం పెట్టాలె. ఆ కాగితముంటే ఇరవై ఆరు లక్షలకు తగ్గదు. నేనే అమ్మి పెడుత."

బీదర్ నుంచి జహీరాబాద్ దాకా ఎందరో మెకానిక్‌లు ఫకీర్ మియాను ఉస్తాద్ అంటారు. ఆ ఉస్తాద్ ఇప్పుడు, ఇటలీ ఇంజన్‌ను గాసులేటు పంపు చేసింది నేనే అని రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం కారుతో పాటు ఊరూరా తిరుగుతుంది.

"నాయిన చెప్పిండని రాయి చాచా," అంది దాక్షాయణి. "నీ మీద ఎందుకేసుకుంటవు?"

"హుకుం మీ నాయినదే. పానా పట్టింది నేను."

ఆమె నోటుబుక్కులోంచి కాగితం తీసుకుని, తనకు చేతనైన ఉర్దూలో మెల్లగా రాశాడు. సుప్రీత అడిగితే తెలుగులో చదివి వినిపించాడు.

"ఈ ఇంజన్‌ను ఫకీర్ మియా అనే నేను కరువొచ్చిన ఏడాది కారుల కెల్లి తీసి బావికి పెట్టిన. దీంట్ల రెండు గ్యాస్కెట్లు నేనేసినయే. ఇసొంటి ఇంజన్ అంతకు ముందు చూడలే, తర్వాత చూడలే. దీని విలువ తీసేటప్పుడే నాకు ఎరుక. ఆ దినం ఇంటికి పోయి అన్నం తినలే. మూడో దినం, చేన్ల నీళ్లు పారినంకనే తిన్న."

శివమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. దాక్షాయణి వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ఆ ఏడాది తను బడి మానలేదని, పండిన కందులతోనే ఇంట్లో పొయ్యి వెలిగిందని ఆమెకు తెలుసు. ఆ నీళ్లకు ఈ మనిషి ఇచ్చుకున్నది ఏమిటో మాత్రం ఇవాళే తెలిసింది.

సుప్రీత కాగితాన్ని మడత పడకుండా ఫైల్లో పెట్టుకుంది. "దీన్ని మళ్లీ కార్ల కూసోబెట్టాలె చాచా. నాకు తెలిసిన పెద్ద పెద్ద షెడ్లున్నయి గాని, నువ్వే చెయ్యాలె."

"చేతుల్ల మునుపటి బలం లేదు బిడ్డా."

"నేను పట్టుకుంట," అంది దాక్షాయణి.

ఇన్నేళ్లకు లోపల బిగుసుకుపోయిందేమో చూద్దామని, ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో ఇంత నూనె పోసి కాసేపు ఆగారు. ఇంజన్ ముందరి నట్టుకు ఫకీర్ మియా పానా తగిలించాడు. ఆయన చేతుల మీద దాక్షాయణి చేతులు వేసింది. ఇద్దరూ కలిసి నొక్కారు. కదలలేదు. మళ్లీ నొక్కారు. లోపలెక్కడో కిర్రుమంది, పావు చుట్టు తిరిగింది. మూడోసారి తడబడకుండా పూర్తి చుట్టు తిరిగింది.

ఫకీర్ మియా కళ్లు తుడుచుకున్నాడు. ఫోన్ తీసి భార్య కుబ్రా బీకి చేశాడు.

"ఇయ్యాల ఇద్దరు బిడ్డలు వస్తున్నరు, అన్నం ఎక్కువ వండు," అన్నాడు. "మాంసం వద్దు. కందిపప్పు చెయ్యి."