వేలిముద్ర పడ్డ పూస

నేను ఒక పూసని. ముత్యమో పగడమో అనుకుని దగ్గరికి రాకండి, భంగపడతారు. నా జాతి పేరు పాలిమర్ క్లే. క్లే అంటే మట్టి అని ఎవరో చెప్పగా విని మురిసిపోయేవాళ్ళు చాలామంది. నాలో చిటికెడు మట్టి లేదు, ఉన్నదంతా ప్లాస్టిక్కే. ఉసిరికాయంత ఉంటాను. కాస్త వంకర. ఒక పక్క నొక్కుకుపోయి ఉంటాను. నా కథంతా ఆ నొక్కు గురించే.

పుట్టింది కాకినాడలో, నీరజ వాళ్ళ వంటగది గట్టు మీద. నీరజ అంతకుముందు బళ్ళో డ్రాయింగు టీచరు. అది మానేసి పూసలు చెయ్యడం మొదలుపెట్టింది. రోజంతా నడుం వంచి చేసినా ఆ ఇంట్లో దాన్ని పని అనేవాళ్ళు లేరు. అత్తగారు వరహాలమ్మగారైతే ఎవరడిగినా, "మా కోడలా? లోపల ఆడుకుంటందమ్మా" అనేవారు. నీరజ పళ్ళు బిగబట్టి ముద్ద పిసికేది. అది మాకు మంచిదే, ఎంత కోపంగా పిసికితే అంత మెత్తబడతాం.

మమ్మల్ని చెయ్యడం ఆటేం కాదు. పసుపు ముద్ద మధ్యలో పెట్టి, చుట్టూ ఎర్ర రేకులు పేర్చి, పైన తెలుపు కప్పి, లావుపాటి కడ్డీ కడుతుంది. దాన్ని దొర్లించి దొర్లించి పెన్సిలంత సన్నం చేస్తే, లోపలి పువ్వు కూడా చెక్కుచెదరకుండా చిన్నదైపోతుంది. ఆ కడ్డీని ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక బ్లేడుతో పల్చటి బిళ్ళలు కోస్తుంది. ఏ బిళ్ళ చూసినా అదే పువ్వు. బిళ్ళల్ని విడిగా చేసిన చిన్న ముద్ద ఉండ మీద అతికించి, అతుకు కనపడకుండా అరచేతిలో తిప్పి, సూదితో మెల్లగా తొలిచి బెజ్జం చేసి, తీగకు గుచ్చి ఓవెన్‌లో కాలుస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్న కడ్డీని కోవా రోల్ అనుకుని వరహాలమ్మగారు ఒకసారి కొరికిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తను.

"పిలాస్టిక్కు కాల్చిన పెట్టెలో నాకు బిస్కెట్లు కాలుస్తావేటే?" అని ఆవిడ పెద్ద రభస చేశారు. ఆ మాటలో తప్పు లేదు కనక నీరజ తన పూసలకి వేరే చిన్న ఓవెన్ తెచ్చుకుంది. దాంతో ఆవిడకి కోపం తగ్గాలి కదా, తగ్గలేదు. మనుషులకి గెలిచాక కూడా కొంత కోపం మిగులుతుంది కాబోలు.

అసలు తంటా వేలిముద్రలతో. పచ్చి ముద్ద మీద ఎక్కడ తాకితే అక్కడ ముద్ర పడుతుంది. నీరజ చేతులకి తొడుగులేసుకుంటుంది, పౌడరు రాసుకుంటుంది. కాలాక నీళ్ళలో ముంచి గరుకు కాగితంతో రుద్దుతుంది, ఆఖరున పాత జీన్స్ గుడ్డతో మెరుగు పెడుతుంది. చేత్తో చేసిన వస్తువు మీద చెయ్యి ఆనవాలు లేకుండా చెయ్యడానికే సగం చాకిరీ. ఇదేం చోద్యమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగితే నీరజ బాల్కనీలోకి వెళ్ళింది. వరహాలమ్మగారు అటూ ఇటూ చూసి గట్టు దగ్గరికి వచ్చారు. మిగిలిన తుక్కు ముద్ద ఇంత తీసుకుని, రెండు పూల బిళ్ళలు అతికించి, అరచేతుల మధ్య తిప్పడం మొదలుపెట్టారు. సున్నుండలు కట్టిన చేతులు కదా! ఉండ కట్టాక విడిపోతుందో లేదో చూడ్డానికి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కడం ఆవిడ అలవాటు. నన్నూ అలాగే నొక్కారు. ఎప్పుడో కంద తరుగుతుంటే కత్తిపీటకి తెగి మిగిలిన మచ్చ ఆవిడ బొటనవేలికి అడ్డంగా ఉంది. అది నా ఒంటి మీద గీతలా దిగిపోయింది. ఇంతలో కోడలి అడుగుల చప్పుడు. నన్ను పళ్ళెంలో పడేసి, ఆవిడ ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగారు.

నీరజ చూసుకోకుండా నాకూ బెజ్జం చేసి కాల్చేసింది. తీశాక చూసి, "ఛ! నా వేలు ఎప్పుడు పడిందీ?" అని విసుక్కుని తప్పు పూసల డబ్బాలో పారేసింది.

కొన్నాళ్ళకి ఊళ్ళో చేతివస్తువుల ప్రదర్శన పెట్టారు. చేత్తో చేసినవే పెట్టాలి, మిషన్ సరుకు దొరికితే బల్ల తీసేస్తారు, మళ్ళీ ఎప్పటికీ రానివ్వరు. నీరజ ప్రాణాలన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయి. అక్కడ నిలబడితే తను చేసేది పనేనని నలుగురూ ఒప్పుకుంటారని ఆశ. దండలన్నీ పరిచింది. తప్పు పూసల డబ్బా కూడా సంచిలో వచ్చింది, నేనూ వచ్చాను.

నిర్వాహకురాలు పద్మజారాణిగారు కళ్ళజోడు సవరించుకుని ఒక్కో పూసా పట్టి చూశారు. "ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. ఇవి ఫ్యాక్టరీవమ్మా" అనేశారు. నీరజ బతిమాలింది. చేసి చూపిస్తానంటే అక్కడ ఓవెన్ పెట్టనివ్వరట. చివరికి డబ్బా బోర్లించి నన్ను పైకి తీసింది. "ఇదిగోండి మేడమ్, నా వేలిముద్ర!"

ఆవిడ నన్ను నీరజ బొటనవేలి పక్కన పెట్టి చూశారు. నా మీద అడ్డగీత ఉంది, ఆ వేలి మీద లేదు. "ఇది నీ వేలు కాదే! ఎక్కడ కొన్నావు?" అన్నారు. నీరజ తన వేలినీ నన్నూ మార్చి మార్చి చూసుకుంది. నాకు నోరుంటే అప్పుడే చెప్పేద్దును. సాయంత్రానికి బల్ల ఖాళీ చెయ్యమని ఆవిడ చెబుతుండగానే, క్యారేజీ పట్టుకుని వరహాలమ్మగారు వచ్చారు.

కోడలి కళ్ళనీళ్ళు చూశారు, పద్మజారాణిగారి చేతిలో నన్ను చూశారు. క్యారేజీ బల్ల మీద పెట్టి, బొటనవేలు నా నొక్కులో పెట్టారు. మచ్చ గీతలో సరిగ్గా కూర్చుంది.

"నాదేనండీ" అన్నారు.

"ఓహో! అయితే ఇవన్నీ చేసేది మీరన్నమాట!" అని పద్మజారాణిగారు చేతులు జోడించబోయారు. చదువుకున్నవాళ్ళ తొందర అలాంటిది.

"అబ్బెబ్బే, నేనేటండీ! నేను చేసింది ఈ వంకరదొక్కటే. రాదు గాబట్టి వేలు పడింది. ఆ మిగతావన్నీ మా నీరజ పనండీ. పొద్దస్తమానం రుద్దుద్ది, గోళ్ళరిగిపోయేలాగ. ఏదీ, నీ చేతులు చూపించమ్మా మేడమ్‌గారికి."

నీరజ చేతులు చాపింది. నీళ్ళలో నాని, గరుకు కాగితానికి అరిగి, వేళ్ళ కొసలు నున్నగా ఉన్నాయి. పద్మజారాణిగారు వాటిని తడిమి చూసి, నన్ను బల్ల మీద పెట్టి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. బల్ల నిలబడింది. నీరజ మాత్రం చేతులు అలా చాపే ఉంచి అత్తగారి వంకే చూస్తోంది. ఆవిడ నోట 'పని' అన్న మాట ఆమె అదే మొదటిసారి వినడం.

"ఏటలా చూస్తావు? అన్నం చల్లారిపోతంది" అన్నారు వరహాలమ్మగారు.

ఇప్పుడు నేను ఆవిడ బీరువా తాళాల గుత్తికి వేలాడుతున్నాను. నీరజ పూసల్లో ఆ ఇంట్లో రోజూ వాడకంలో ఉన్నది నేనొక్కదాన్నే, అదీ తప్పు పూసని. ఎవరూ లేనప్పుడు ఆవిడ బొటనవేలు నా నొక్కులో పెట్టుకుని కూర్చుంటారు. కోడలు అటుగా వస్తే మాత్రం గబుక్కున తాళంచెవి వెతుకుతున్నట్టు గుత్తి గలగలలాడిస్తారు. అది చూసి నీరజ కూడా ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగుతుంది.