శుద్ధి చేసిన సిర్కా

కాత్యాయని ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో మింగేది. భోజనానికి ముందు రెండు చెంచాల సిర్కా, అంటే నేరేడు పళ్ల రసాన్ని పులియబెట్టి చేసే పులుపు, అరగ్లాసు నీళ్లలో. ఆ పుల్లటి ఘాటుకు పదకొండేళ్ల పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగేవి. తల్లి సీతాలక్ష్మి వీపు నిమిరేది. తండ్రి లక్ష్మీపతి శాస్త్రి గడప దగ్గర నిలబడి "అదీ మా తల్లి!" అని మెచ్చుకునేవాడు. చూసినవాళ్లకు ముచ్చటేసే సంసారం. ఆ ముచ్చట వెనక ఏం జరిగిందో చదువరులు తెలుసుకోవాలి.

ఇది పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో జమ్మలమడుగులో జరిగింది. శాస్త్రి పురోహితుడు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికైనా, తద్దినానికైనా ఆయనే రావాలి. ఆ వేసవిలో కూతురు కడవెడు నీళ్లు తాగుతూ, చిక్కి సగమైపోయింది. ప్రొద్దుటూరు డాక్టరు చక్కెర జబ్బన్నాడు. ఇన్సులిన్ సూదులు వేసి పదిరోజుల్లో పిల్లను లేపి నడిపించాడు. సీతాలక్ష్మికి సూది వేయడం నేర్పి, ఒక్కరోజు కూడా మానకూడదని చెప్పి పంపాడు. పిల్ల మళ్లీ వీధిలో తొక్కుడుబిళ్ల ఆడింది.

అంతలో ఆ మందును గొడ్ల కడుపులోని గ్రంథి నుంచి తీస్తారని ఎవరో శాస్త్రి చెవిన వేశారు. ఆయన మందు బుడ్డిని పెరట్లో పాతిపెట్టి, తలస్నానం చేసి, జంధ్యం మార్చుకున్నాడు.

"తెలిస్తే నన్నెవరైనా పిలుస్తారా? మన చేతి నీళ్లు ముడతారా?" అన్నాడు.

"మరి పిల్ల బతకొద్దా?" అంది సీతాలక్ష్మి.

"వేరే దారి చూస్తాండా కదా!"

ఆ దారి జట్కా తోలే వలి బాషా ఇంట్లో దొరికింది. అతని తండ్రిదీ చక్కెర జబ్బే, ఆయన సిర్కా తాగి ఆరోగ్యంగా తిరుగుతున్నాడని శాస్త్రి విన్నాడు. సీసా ఇస్తూ వలి బాషా మొత్తుకున్నాడు.

"సామీ, మా నాయన ముసలాయన. సూది అక్కర్లేదని ఆయనకు డాక్టరే చెప్పినాడు. నోరు కట్టుకుని తింటాండాడు, దానికి తోడు ఈ సిర్కా. పాపకు మాత్రం సూది మాన్పొద్దు, మీకు దండం పెడతా."

శాస్త్రి సీసా తీసుకున్నాడు, మాట తీసుకోలేదు. ఇంటికొచ్చి మంత్రం చదివి, నీళ్లు చిలకరించి శుద్ధి చేశాడు. సాయిబు ఇంటి సిర్కాకు శుద్ధి ఉందట, కూతురి ప్రాణం నిలిపే మందుకు లేదట! ఇది ఏ శాస్త్రంలో ఉందని ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

సూది మాన్పిన మూడోరోజుకు పిల్ల ఆట మానింది. వాంతులైతే పైత్యం పోతోందన్నాడు తండ్రి. పక్కింటి వసంతమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని ఉలిక్కిపడింది.

"ఏంది సీతా, పిల్ల ఊపిరి మిగలమాగిన పండు వాసనొస్తాంది?"

"సిర్కా తాగుతాంది కదక్కా, ఆ వాసనే" అంది సీతాలక్ష్మి. అలా నమ్మడమే ఆమెకూ హాయిగా ఉంది.

ఐదోరోజు పొద్దున పిల్ల ఎగశ్వాస తీస్తూ, పిలిస్తే పలకలేదు. వలి బాషా జట్కాలో బస్సు దాకా, బస్సులో ప్రొద్దుటూరు దాకా మోసుకుపోయారు. డాక్టరు ఎన్ని సూదులు వేసినా మధ్యాహ్నానికి కాత్యాయని పోయింది.

"అమ్మా, అది సిర్కా వాసన కాదు" అన్నాడు డాక్టరు. "ఇన్సులిన్ లేక ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటే నెత్తురులో చేరే విషం వాసన. భోజనంతో ఎక్కే చక్కెరను సిర్కా కొందరికి కాస్త తగ్గిస్తుందేమో. ఒంట్లో ఇన్సులినే ఊరని బిడ్డకు అదేం చేస్తుంది? ఆ వాసన వచ్చిన రోజైనా తీసుకురావాల్సింది."

పరామర్శకు ఊళ్లవాళ్లు వచ్చారు. దాని ఆయుష్షు అంతేనన్నాడు శాస్త్రి. మగవాళ్ల ముందుకు ఎన్నడూ రాని సీతాలక్ష్మి నడవాలోకి వచ్చి, గొడ్డు మందు సంగతి మొదలు అంతా చెప్పేసింది. శాస్త్రి తల వంచుకున్నాడు.

పెద్దముడియం నుంచి వచ్చిన గొర్రెల వెంకటప్ప శాస్త్రి ఎదురుగా కూర్చున్నాడు.

"మేమేమంటామని అనుకుంటిరి సామీ? ఒక్క మాట చెప్పింటే ఆ మందు మేమే తెచ్చిచ్చేవాళ్లం గదా!"

సీతాలక్ష్మి భర్త వంక చూసింది. ఆమె కళ్లల్లో తడి లేదు.

"విన్నారా? ఎవరూ అనని మాటకు భయపడి బిడ్డను చంపుకున్నాం. పులుపు తాపినా, ఆకు నూరినా, డాక్టరు ఇచ్చిన మందు మాన్పకూడదు. బిడ్డ ప్రాణం తీసే మడి మడి కాదు, పాపం."