బేస్‌మెంట్‌లో సున్నా మంది

మా మామ పంతొమ్మిదేళ్ళుగా యూనివర్సిటీ లైబ్రరీ కింద, బేస్‌మెంట్‌లో కూర్చుని పుస్తకాలు బైండింగ్ చేస్తున్నాడు. కిటికీ లేని గది. ఒక బల్ల, ఒక కటింగ్ మిషన్, జిగురు డబ్బా, సూదులు గుచ్చిన పాత దిండు ముక్క. రోజు కూలీ. పర్మినెంటు చేస్తామని ముగ్గురు రిజిస్ట్రార్లు మాటిచ్చారు. ముగ్గురూ రిటైరయ్యారు.

నేను అదే యూనివర్సిటీలో పర్యావరణం చదువుతున్నాను. ఈ ఏడు మాకూ, ఇంకో దేశం విద్యార్థులకూ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. లైబ్రరీలో వృథాగా పోయే కరెంటు తగ్గించాలి. అక్కణ్ణుంచి ఐదుగురు వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయిని మేం నిచ్చెన అనేవాళ్ళం. స్టూలెక్కకుండానే గోడపైన సెన్సర్ బిగించేసేది. ఆ పేరుకి అర్థం చెప్పించుకుని, "పర్లేదు, పనికొచ్చే వస్తువే" అంది.

సెన్సర్ సంగతి ఇంతే. మనిషి కదిలితే లైటు వెలుగుతుంది. కదలకపోతే కాసేపటికి ఆరిపోతుంది. జనం ఉండే గదికి ఇరవై నిమిషాలు, ఎవరూ ఉండని గదికి రెండు నిమిషాలు. ఏ గదిలో ఎందరుంటారో రాయడానికి నిచ్చెన వాళ్ళు ఒక ఫారం తెచ్చారు. అందులో మూడే గడులు: విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు. బేస్‌మెంట్ ఫారం నా వంతుకొచ్చింది. మామ విద్యార్థి కాడు. అధ్యాపకుడు కాడు. ఉద్యోగి అంతకన్నా కాడు. మూడు గడుల్లోనూ సున్నా పెట్టి సంతకం చేశాను. ఆ మధ్యాహ్నం ఆ గదిలోనే, మామ క్యారియర్‌లోంచే తిన్నాను కూడా.

ఆ తర్వాత నాలుగు నెలలు కిందికి వెళ్ళే తీరిక దొరకలేదు. అంకెలు, చార్టులు, మీటింగులు. చివరికి చూస్తే భవనం మొత్తంలో బేస్‌మెంటే ఫస్టు. ముప్పాతిక వంతు కరెంటు మిగిలింది. ప్రొఫెసర్ నా భుజం తట్టాడు. రిపోర్టు పన్నెండు కాపీలు ప్రింటయ్యి, బైండింగ్‌కి కిందికి వెళ్ళాయి.

గంటలో మామ ఫోన్ చేశాడు. "ఏమే కోడలా, ఓసారి కిందికి రా."

వెళ్ళాను. మా రిపోర్టు బల్లమీద విప్పి ఉంది. మామ ఒక పేజీ మీద వేలు పెట్టాడు. వేలికి కట్టు.

"బేస్‌మెంటు, మనుషులు సున్నా అని ఉంది. ఎవరే ఈ సున్నా?"

"నువ్వే మామా."

"నేనా?" కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. "రాసిందెవరు?"

"నేనే."

"అదీ సంగతి. ఇంట్లో వాళ్ళు రాస్తేనే ఇంత గుండ్రంగా వస్తుంది."

మామ మళ్ళీ కుట్టులో పడ్డాడు, నేను కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి లైటు పోయింది. చీకట్లో మామ చెయ్యి ఈగను తోలినట్టు ఒకసారి లేచింది. లైటు వచ్చింది. ఆయన అటు చూడనైనా లేదు.

"రోజంతా ఇంతే. కుట్టు పని కదా, వేళ్ళు తప్ప ఏదీ కదలదు. వేళ్ళను అది లెక్కచెయ్యదు."

"వేలికేమైంది?"

"మిషన్ కత్తి దిగుతుంటే లైటు పోయింది. కొస తెగింది. కుట్లేశారు. స్పర్శ లేదంతే. సూది గుచ్చుకుంటే, కాగితం ఎర్రబడితే గానీ తెలీదు."

"చెప్పొచ్చు కదా మామా!"

"నీ ప్రాజెక్టు కదే. అడ్డం పడతానా?"

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఉంటుందే, లోపలంతా అట్లా ఉంది.

మామ ఇంకో కాగితం తీశాడు. రిజిస్ట్రార్ ఆఫీసు నోటీసు. ప్రాజెక్టు రికార్డుల ప్రకారం ఈ గది ఖాళీగా ఉంటున్నది కాబట్టి, సోమవారం నుంచి సోలార్ బ్యాటరీలకు కేటాయించడమైనది. కింద ఆధారం అని, వారం కిందటే ఆఫీసుకి పంపిన మా రిపోర్టు పేరు.

నిచ్చెన దగ్గరికెళ్ళి కాగితం ముందు పెట్టాను. చదివింది. మామ సంగతి, మూడు సున్నాల సంగతి చెప్పాను.

"గడి లేకపోతే కొట్టేసి రాసుకోవచ్చుగా?" అంది చివరికి.

"మీరు తెచ్చిన ఫారం. మేమెట్లా కొట్టేస్తాం?"

"మీ భవనం. తప్పుంటే మీరే చెప్తారనుకున్నాం. మా దగ్గర కొత్త ఫారం ఇస్తే మొదట దెబ్బలాడతారు."

"మా దగ్గర ఫారం ఇస్తే నింపుతారు."

ఇద్దరం ప్రొఫెసర్ దగ్గరికెళ్ళాం. ప్రింటయిపోయిందమ్మా అన్నాడు. అంకె తప్పంటే మొత్తం ప్రాజెక్టు పోతుంది, ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించడానికి ఏముంది? బేస్‌మెంట్ అంకె అబద్ధమనీ, ఆ గదిలో ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేస్తున్నాడనీ, గది తీసుకోవద్దనీ రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆఫీసు గుమస్తా తీసుకుని, చదవకుండానే ముద్ర గుద్దాడు.

శుక్రవారం జవాబొచ్చింది. రికార్డుల ప్రకారం సదరు గదిలో ఎవరూ పనిచేయడం లేదు. కావున ఎవరినైనా తొలగించే ప్రశ్న ఉత్పన్నం కాదు.

మామకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"అంటే నన్ను పొమ్మన్నట్టా, ఉండమన్నట్టా?"

"ఏదీ కాదు మామా."

"పొమ్మనలేదుగా. అయితే వస్తా."

సోమవారం తొమ్మిదికే వచ్చాడు. నేను పక్కన నేలమీద కూర్చున్నాను. కాసేపటికి నిచ్చెన వచ్చింది. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక బల్ల కిందికి చాపింది. మామ ఇద్దరికీ చెరో దస్తా కాగితాలిచ్చి మడతపెట్టమన్నాడు.

పదిన్నరకి బ్యాటరీలొచ్చాయి. నలుగురు మోసుకొచ్చారు, వెనకాల మేస్త్రీ.

"గది ఖాళీ అన్నారే?" అన్నాడు మేస్త్రీ.

"మేమున్నాం" అన్నాను.

"జరుగుతారా?"

"జరగం."

"చూడు తల్లీ, నాకు మీతో పేచీ ఏముంది? దించమన్నారు, దించుతున్నా."

"బయట దించుకో నాయనా" అన్నాడు మామ, కుట్టు ఆపకుండా. "ఇక్కడ జిగురు తడిగా ఉంది."

మేస్త్రీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అటు ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మోసేవాళ్ళకి చేతులు లాగుతున్నాయి. మెట్లమీదే దించేసి, రేపు పెద్దసారుతో వస్తామని వెళ్ళిపోయారు.

"రేపు ఎనిమిదికే రావాలి" అన్నాడు మామ.

నిచ్చెన నావైపు చూసి నవ్వబోయింది. నాకు నవ్వు రాలేదు. గెలిచినట్టూ లేదు, ఓడినట్టూ లేదు. కాళ్ళు మాత్రం తిమ్మిరెక్కాయి. సాయంత్రం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం, బ్యాటరీ పెట్టెల మధ్య సందు చూసుకుంటూ మెట్లెక్కాం.