ఎర్రదీపం గదిలో ఒక్క రింగు

ఎర్రదీపం గది తలుపు ఒకసారి మూశాక కొలత పూర్తయ్యేదాకా తెరవకూడదు. బయటి వెలుగు రవ్వంత తగిలినా ప్రయోగం చేసే మేడం ఆరునెలలు పెంచిన స్ఫటికం పాడైపోతుంది. ఆ సంగతి తెలిసే, మేడం దగ్గర సాయానికి చేరిన ఆమె లోపలికి వచ్చింది. చదువు సగంలో ఆగిపోయిన ఆమెకి ఈ ప్రయోగశాలలో దొరికిన పని ఒక్కటే: స్ఫటికం చుట్టూ చల్లదనం తగ్గకుండా గాజుపాత్రలో మంచుకన్నా ఎన్నోరెట్లు చల్లటి ద్రవ నైట్రోజన్ పోస్తూ ఉండటం.

ఇంట్లో ఏడునెలల కూతురికి పొద్దుటినుంచి జ్వరం. అత్తగారితో ఒప్పందం చేసుకుని వచ్చింది. తగ్గితే ఒక్క రింగిచ్చి కట్ చెయ్యాలి. పెరిగితే మోగిస్తూనే ఉండాలి. తెర వెలుగు బయటికి రాకుండా ఫోనుని గుడ్డలో చుట్టి నడుముకి దోపుకుంది.

మేడం అతినీలలోహిత దీపం వేసి ఆర్పింది. తెల్లటి స్ఫటికపు పలుకు నల్లబడింది.

"అసలు రంగు నీలం. ఎర్రదీపానికి నల్లగా కనిపిస్తోంది. అణువులోంచి ఓ ముక్క ఊడిపోయింది అమ్మాయ్. మిగిలిందానికి దేన్నో ఒకదాన్ని అంటుకోవాలని మహా తొందర. నీళ్లలో అయితే రెప్పపాటు కూడా ఉండదు. ఇక్కడ చుట్టూ ఇరుకు, చలి, పక్క అణువులు కదలనివ్వవు. అందుకే దాని మొహం చూడగలుగుతున్నాం."

"ఊపిరాడదేమో, పాపం."

"దానిమీద కూడా జాలేనా నీకు! నైట్రోజన్ పోయ్, పాత్ర ఖాళీ అవుతోంది."

అప్పుడే నడుము దగ్గర ఫోను అదిరింది. ఒక్క రింగుకే ఆగుతుందని చూసింది. రెండోసారి అదిరింది. మూడోసారీ. ఆగలేదు.

పాలతో రవిక తడిసింది.

"మేడం, నేను వెళ్లాలి. పిల్ల..."

"పది నిమిషాలే. నువ్వు ఆపితే నీలం పోతుంది. నాకిదొక్కటే మిగిలిందమ్మా."

కసిరినా బాగుండేది. ఆ బతిమాలడమే ఆమె కాళ్లకి బంధమేసింది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. ఆమె పోసింది. మళ్లీ పోసింది. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, కళ్లముందు మాత్రం కాలిపోతున్న పిల్ల ఒళ్లే.

కొలత పూర్తయి తలుపు తెరుచుకోగానే చెప్పులు కూడా వేసుకోకుండా వసారాలోకి పరిగెత్తి ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా!"

"అరవకే, ఇప్పుడే పడుకుంది. జ్వరం దిగింది."

"మరి ఆగకుండా మోగించారుగా!"

"ఓ చేతిలో ఫోను, ఇంకో చేతి వేలు ఈ బుడ్డదాని పిడికిట్లో. ఒంటిచేత్తో కట్ చెయ్యడం నాకెక్కడొచ్చు, ఇది వదిలితేగా! ఇంకా వదల్లేదు."

ఆమె గోడకి ఆనుకుని కూలబడింది. లోపల పాత్ర ఎండిపోతోంది. పలుకులో నీలం పోతోంది.

"వేలు లాక్కోకండి అత్తయ్యా," అంది. "వచ్చేస్తున్నా."